తవుడుకు కొన్న బిడ్డ

తొండియార్‌పేటలో కొళాయి దగ్గర బిందె పెట్టి వరసలో నిలబడితే నీళ్ళకంటే ముందు ఊరి సంగతులు వచ్చేవి. ఆ పొద్దు ఆరోగ్యమేరి తెచ్చిన సంగతికి ఆడవాళ్ళందరూ కడుపులు పట్టుకుని నవ్వారు. చెల్లమ్మ మాత్రం బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోకుండా నిలబడిపోయింది.

ఆరోగ్యమేరి పిల్లల ఆసుపత్రిలో పెద్ద నర్సుల దగ్గర ఆయా పని నేర్చుకున్న మనిషి. ముప్పై దాటినా పెళ్ళి చేసుకోలేదు. జార్జి టౌన్‌లో మిరపకాయల మండీ వరదయ్య ఇంట్లో పసిబిడ్డను చూసుకోవడానికి ఆయా కావాలని ఎవరో చెబితే, ఉతికిన తెల్లచీర కట్టుకుని, నర్సమ్మ రాసిచ్చిన యోగ్యతాపత్రం పట్టుకుని వెళ్ళింది. ఆ ఇంటి పెద్దామె, వరదయ్య తల్లి గోవిందమ్మ, ఆ కాగితం వైపు కన్నెత్తి చూడలేదట. నీకెంతమంది పిల్లలని అడిగిందట. పెళ్ళే కాలేదమ్మా అంటే, గొడ్రాలికేం తెలుసు బిడ్డనొప్పి అని, వీధరుగు మీదే కూచోబెట్టి మజ్జిగ తాపించి పంపేసిందట.

"నేనూ చుమ్మా ఊరుకోలే," అంది ఆరోగ్యమేరి. "కోడిగుడ్డు అట్టు పోసే వంటామె ముందు గుడ్డు పెట్టి చూపించల్నా పెద్దమ్మా, అన్నాను."

నవ్వులు సద్దుమణిగాక అసలు సంగతి చెప్పింది. వరదయ్య భార్య కనకవల్లికి ఇంతకుముందు ఇద్దరు మగబిడ్డలు పుట్టి, ఒళ్ళు చేయకుండానే పోయారు. ఇప్పుడు ఆడబిడ్డ పుట్టింది. ఇట్లా పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతుంటే, ఆ తరవాతి బిడ్డను తవుడుకు అమ్మడం వాళ్ళలో పాత ఆచారం. బిడ్డలు చల్లగా బతికున్న తల్లి ఎవరైనా చేటలో తవుడు పోసిచ్చి ఆ బిడ్డను కొనుక్కోవాలి. అప్పటినుంచి బిడ్డ ఆమెది. కన్నతల్లి పాలిచ్చే మనిషి మాత్రమే. యముడు ఆ ఇంటి బిడ్డ కోసం వచ్చినా, ఈ ఇంట్లో వాళ్ళ బిడ్డ లేదని తిరిగిపోతాడని నమ్మకం. గోవిందమ్మ వెతుకుతున్నది అట్లా కొనుక్కుని, ఏడాది నిండేదాకా నీళ్ళుపోయడం, కాటుక పెట్టడం, నిద్రపుచ్చడం తన చేతులతోనే చూసుకునే మనిషిని.

చెల్లమ్మకు బిడ్డ లేదు. ఉండేది. రంజితం అని పేరు. ఆ ఏడు చిత్తిర నెల ఎండల్లో, పది నెలల పిల్ల, కడుపు పోయి చచ్చిపోయింది. ఇంట్లో దూలానికి కట్టిన ఉయ్యాల చీరను ఆమె మొగుడు మారిముత్తు విప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. మారిముత్తు హార్బర్లో మూటలు మోసేవాడు, మాట తక్కువ మనిషి. పక్కకు తిరిగి పడుకున్నాడు. అప్పటినుంచి చెల్లమ్మకు ఒక అలవాటు పట్టుకుంది. అంగట్లో ఉప్పు పొట్లం కొన్నా, బియ్యం మూట కొన్నా, నెత్తిన పెట్టుకోకుండా చంకకెత్తుకుని వచ్చేది. దారిలో తానే గమనించి, ఎవరైనా చూశారేమోనని సిగ్గుపడి మూటను దించేది. నాలుగడుగులు వేసేసరికి అది మళ్ళీ చంకకెక్కేది.

ఆ ఇంటి సంగతి విన్నాక ఆమెకు ఇంకేమీ తోచలేదు. పసిబిడ్డను ఎత్తుకునే పని ఒకటి ఈ పట్నంలో ఉంది. ఆరోగ్యమేరిని సలహా అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు.

మర్నాడు జార్జి టౌన్ చేరుకుని, తోపుడుబండ్ల నడుమ సందులో దారి చేసుకుంటూ ఆ ఇంటి అరుగు ముందు నిలబడింది. కింద మండీ, మీద కాపురం. మిరపకాయల ఘాటుకు మెట్లెక్కే లోపలే కళ్ళు నీళ్ళు కారాయి. గోవిందమ్మ పీట మీద కూర్చుని ఆమెను నఖశిఖపర్యంతం చూసింది. చేతులు చాపమంది. గోళ్ళు చూసింది. పళ్ళు చూసింది. ఒంటి మీద గజ్జి, తామర ఉన్నాయేమోనని మోచేతులు తిప్పి చూసింది. దిష్టి తీయడం వచ్చా అంది. కాళ్ళ మీద వేసుకుని నీళ్ళుపోయడం వచ్చా అంది. బిడ్డకు ఒళ్ళు కాలితే ఏం చేస్తావని అడగలేదు. పాలు విరిగాయో లేదో ఎట్లా చూస్తావని అడగలేదు. పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టే చూసింది.

ఆఖరున అడిగింది, "నీకెంతమందే?"

చెల్లమ్మ దారంతా ఒక జవాబు కట్టుకుని వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పి, కాళ్ళు పట్టుకుని, అంట్లు తోమే పనైనా ఇమ్మని అడగాలని. సరిగ్గా అప్పుడే లోపలి గదిలో బిడ్డ ఏడ్చింది. ఇంకా గొంతు విడని ఏడుపు, పిల్లికూనలాంటిది. చెల్లమ్మ రొమ్ములు సలిపాయి.

"ఒకతే పెద్దమ్మా. రంజితమని. మనలి ఊళ్ళో మా అమ్మ దగ్గర పెరగతా ఉండాది," అంది.

ఆ శుక్రవారమే కొనుగోలు జరిగింది. తవుడు బిడ్డను కొనే మనిషి ఇంటిదే కావాలి గనక చెల్లమ్మ కొంగులో కట్టుకుని తెచ్చింది. బిడ్డను చేటలో పడుకోబెట్టారు. గోవిందమ్మ చెప్పిచ్చిన మాటలు చెల్లమ్మ తిరిగి చెప్పింది, తవుడు నీది, బిడ్డ నాది అని. చేట ఎత్తుకుని గడప దాటి, మళ్ళీ లోపలికి వచ్చి, నా బిడ్డకు పాలిచ్చి సాకమ్మా అని కనకవల్లి ఒడిలో పెట్టింది. బిడ్డకు మంచి పేరు పెడితే కన్ను పడుతుందని, కుప్ప మీద దొరికినదానిలా కుప్పు అని పిలుచుకున్నారు. అందరూ నవ్వుతుంటే చెల్లమ్మ కూడా నవ్వబోయింది. దవడలు కదల్లేదు.

పొద్దున్నే వచ్చి దీపాలు పెట్టే వేళకు వెళ్ళిపోవడం పని. వచ్చీరాగానే గోళ్ళు చూసుకునేది, చేతులు సబ్బుతో రుద్దుకునేది. ఇవి ఆరోగ్యమేరి దగ్గర చూసి నేర్చినవి. పెరట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని, కుప్పును బోర్లా వేసుకుని, ఆముదం రాసి, సున్నిపిండి రుద్ది, చెంబుతో నీళ్ళు పోసి, తుడిచి, సాంబ్రాణి పొగ పట్టేది. ఇదంతా కనకవల్లి గడప అవతల కూర్చుని చూసేది. ఇరవై రెండేళ్ళ పిల్ల. పాలివ్వడానికి తప్ప తన బిడ్డను తాను తాకకూడదు. ఇద్దర్ని పోగొట్టుకున్న చెయ్యి అని అత్తగారు నీళ్ళచెంబు కూడా అందుకోనివ్వలేదు. చూపులు మాత్రం ఆపలేకపోయింది. కుప్పు వీపు మీద నీళ్ళు జారుతుంటే కనకవల్లి వేళ్ళు ఆమె చీర మీద కదిలేవి, తానే రుద్దుతున్నట్టు.

ఆమె మెల్లగా అడిగేది. "మీ రంజితానికీ ఇట్లనే పోసేదానివా?"

"ఆమామ్మా, ఇట్లనే. అదైతే కేకలు పెట్టేది."

ఇట్లా మొదలైంది. ఇప్పుడేం చేస్తున్నది, పళ్ళొచ్చాయా, నిలబడుతున్నదా అని కనకవల్లి రోజుకొకటి అడిగేది. జవాబు చెప్పకపోతే అనుమానం వస్తుంది. చెల్లమ్మ చెప్పింది. రంజితం గోడ పట్టుకుని నిలబడుతున్నదంది. కొన్నాళ్ళకు నడిచిందంది. మనలిలో మేకపిల్ల వెంట పరిగెత్తి మోకాలు దోక్కుందంది. అవ్వను చూసి "పో" అంటున్నదంది. చెప్పేటప్పుడు కనకవల్లి మొహం విచ్చుకునేది, చెప్పేదాని మొహం కూడా. పది నెలల దగ్గర ఆగిపోయిన బిడ్డ, ఆ పెరట్లో నీళ్ళ చప్పుడు మధ్య, చిన్నగా పెరుగుతూ వచ్చింది.

ఇంటికి పోయే దారిలో సిగ్గు పట్టుకునేది. చచ్చిన బిడ్డను అబద్ధంలో ఆడించుకుంటున్నాను, దానికోసం జీతం పుచ్చుకుంటున్నాను అనుకునేది. మొదటి అబద్ధం పొట్టకోసమైతే ఈ మాటలు దేనికోసమని తనను తాను అడుక్కునేది. రేపు అడిగినా చెప్పనని ఒట్టు పెట్టుకునేది. మర్నాడు పెరట్లో కాళ్ళు చాపి కూర్చోగానే, కనకవల్లి అడక్కముందే, "నిన్న మా రంజితం" అని తానే మొదలుపెట్టేది.

దీపావళికి కనకవల్లి పచ్చ సాటిన్ గౌను ఒకటి కుట్టించి ఇచ్చింది. మెడ చుట్టూ లేసు. నడిచే పిల్ల కొలత. చెల్లమ్మ దాన్ని రేకుపెట్టెలో అడుగున దాచింది. పండగ పొద్దున మారిముత్తు తన పంచె కోసం వెతుకుతూ దాన్ని పైకి తీశాడు.

"ఎవరికే ఇది?"

చెల్లమ్మ చెప్పక తప్పింది కాదు. మొదటినుంచీ చెప్పింది. అతను గౌనును అరచేతుల మీద పరిచి పట్టుకుని విన్నాడు. మూటలు మోసి కాయలు కాసిన ఆ చేతులకు సాటిన్ చిక్కుకుంటోంది.

"బిడ్డ పేరు చెప్పుకుని అడుక్కుంటా ఉండావా?" అన్నాడు.

"అడగలే మామా. ఆమే ఇచ్చింది."

"పోనీ, చెప్పు. నడిచిందన్నావే. మొదట నా దగ్గరికి వచ్చిందా, నీ దగ్గరికా?"

వెక్కిరింత అనుకుని తలెత్తి చూసింది. అతని కళ్ళు నిండి ఉన్నాయి. నిజంగానే అడుగుతున్నాడు. చెల్లమ్మకు అంతకంటే సిగ్గుపడ్డ క్షణం అప్పటిదాకా లేదు. నీ దగ్గరికే అని చెప్పడానికి నోరు రాలేదు. మారిముత్తు గౌను మడిచి పెట్టెలో పెట్టి, మానుకోమని గానీ పొమ్మని గానీ అనకుండా బయటికి వెళ్ళిపోయాడు.

మళ్ళీ చిత్తిర వచ్చింది. పట్నంలో ట్రాములు ఆగిపోయిన చిత్తిర అది. చెల్లమ్మ నడిచే వెళ్ళి వచ్చేది. ఒక పొద్దున మెట్లెక్కేసరికి ఇంట్లో వాసన మారి ఉంది. నిన్న సాయంత్రంనుంచి కుప్పుకు కడుపు పోతూనే ఉందట. వరదయ్య సరుకు కొనడానికి గుంటూరు వెళ్ళి ఉన్నాడు. రెండో బిడ్డకు డాక్టరు సూది వేసినా నిలవలేదని, డాక్టరు మాటే ఎత్తొద్దంది గోవిందమ్మ. మాచికాయ అరగదీసి నాలుకకు రాస్తున్నది. నీళ్ళు ఆపేసింది. తల్లి పాలు కూడా ఆపించింది. పైనుంచి పోసేకొద్దీ కిందినుంచి పోతుందని ఆమె లెక్క. కనకవల్లి పాలు గట్టిపడి రవిక తడిసి, మూల కూర్చుని ఉంది.

చెల్లమ్మ బిడ్డను ఎత్తుకుంది. ఎత్తుకోగానే తెలిసింది. నిన్నటి బరువు లేదు. మాడు గుంట పడింది. కళ్ళు లోపలికి పోయాయి. ఏడుస్తున్నది గానీ కన్నీళ్ళు లేవు, నాలుక ఎండి చెక్కలా ఉంది. ఈ మొహం ఆమెకు కొత్త కాదు.

"పెద్దమ్మా, కాచి చల్లార్చిన నీళ్ళు పోద్దాం. పాలు కూడా ఇయ్యనీండి," అంది.

"చిల్లికుండలో నీళ్ళు పోస్తే నిలస్తాయంటే? పోసేకొద్దీ పోతాది."

నిరుడు మనలినుంచి వచ్చి చెల్లమ్మ తల్లి చెప్పిన మాట కూడా ఇదే. వీధి వీధంతా చెప్పిన మాట. తాను నమ్మిన మాట. రంజితం గుక్క నీళ్ళ కోసం చెంబు కేసి చేతులు చాపితే, చెంబును కంటికి కనబడకుండా ఉట్టి మీద పెట్టింది తానే. బిడ్డ ఆ ఉట్టి వైపే చూస్తూ ఉండిపోయింది. ఊరెళ్ళిన ఆరోగ్యమేరి తిరిగొచ్చి చూసి, తిట్టి, రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. నర్సు అడిగింది, నీళ్ళేమైనా పట్టావా అని. మంచి తల్లి అనిపించుకోవాలని, చెల్లమ్మ మెడ నిలబెట్టి, ఒక్క చుక్క కూడా ఇవ్వలేదమ్మా అంది. ఆ నర్సు తన వైపు అట్లా చూసింది. ఆ చూపుకు అర్థం తరవాత ఆరోగ్యమేరి విడమరిచి చెప్పింది.

ఇదంతా ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. మారిముత్తుకు కూడా ఉట్టి మీది చెంబు సంగతి తెలియదు.

"మీ రంజితానికి ఎప్పుడన్నా ఇట్టయిందా?" మూలనుంచి కనకవల్లి అడిగింది. "ఏం చేసినావు?"

చెల్లమ్మ తడుముకోకుండా మళ్ళీ అబద్ధమే ఆడింది. అయిందమ్మా, నీళ్ళు పోసినాను, బాగైపోయింది అంది. ఈసారి అబద్ధం బిడ్డ కోసమే కదా అనుకుంది. కానీ అది పారలేదు.

"కూలోళ్ళ బిడ్డ, దానికి రాళ్ళు తిన్నా అరుగుతాది," అంది గోవిందమ్మ. "ఈ ఇంటి ఒళ్ళు వేరే. నీ బిడ్డ బతికిందని నా మనవరాలి మీద పరీచ్చ చేస్తావా? నోరు మూసుకుని ఊపు."

చెల్లమ్మ ఊపింది. ఒళ్ళో బిడ్డ ఏడుపు సన్నబడుతున్నది. ఏడుపు మానితే నిద్రపోయిందనుకుంటారు, నిరుడు తానూ అట్లాగే అనుకుంది. ఇంట్లో నీళ్ళు ఉన్నాయి, పాలు ఉన్నాయి, తల్లి ఉంది. అడ్డు ఉన్నది తాను చెప్పని ఒక్క మాట. ఆ మాట చెబితే ఈ బిడ్డను ఇక ఎత్తుకోనివ్వరు. ఈ వీధిలోకే రానివ్వరు. ఒళ్ళో వేడిగా ఉన్న ఈ చిన్న వీపు ఇక తనది కాదు. చెప్పకపోతే ఎవరిదీ కాదు.

ఆమె గోవిందమ్మ కేసి చూడలేదు. కనకవల్లి కేసి తిరిగింది.

"అమ్మా, రంజితం లేదు. పోయిన చిత్తిరలోనే పోయింది. ఇదే జబ్బు. నేను నీళ్ళియ్యలే. అడిగింది, అయినా ఇయ్యలే. చెంబు దాచిపెట్టినాను. నీళ్ళు లేక పోయిందమ్మా, నా చేతుల్లోనే. ఈ మాడు, ఈ కండ్లు, అన్నీ నేను చూసినాను. మీకు దండం పెడతా, నీళ్ళు పోయండి."

కింద మండీలో ఎవరో మిరపకాయలు కాటా వేయిస్తూ దగ్గుతున్నారు.

ముందు తేరుకున్నది గోవిందమ్మ. వచ్చి బిడ్డను చెల్లమ్మ ఒళ్ళోంచి లాక్కుంది. బిడ్డ చచ్చిన దాని చేతిలో నా మనవరాల్ని పెట్టించినావు కదే పాపిష్టిదానా, అందుకే దీనికి ఇట్టయింది, యముడికి దోవ చూపించింది నువ్వే అని, గొంతు పెద్దది చేయకుండా, పళ్ళ మధ్యనుంచి అన్నది. అందులో ఎంత నిజముందో చెల్లమ్మకూ తెలియదు. ఒకవేళ అదే నిజమేమోనని లోపల ఎక్కడో తానూ భయపడుతూనే ఉంది.

కనకవల్లి లేచి నిలబడింది. ఆమె మొహంలో జాలి లేదు.

"ఎంత పొయ్యాల?" అంది.

"ఉగ్గుగిన్నెతోనమ్మా. కొంచెం కొంచెంగా. కక్కినా మళ్ళీ పొయ్యాల. పాలు కూడా ఆపొద్దండి. నీళ్ళు తెర్లిందాకా కాచి చల్లార్చండి."

కనకవల్లి వంటింట్లోకి పోయి పొయ్యి మీద గిన్నె పెట్టింది. వచ్చి, అత్తగారి ముందు చేతులు చాపింది. ఇన్ని నెలల్లో ఆమె బిడ్డ కోసం చేతులు చాపడం అదే మొదలు. గోవిందమ్మ ఇవ్వలేదు. కోడలు చేతులు దించలేదు. చివరికి ముసలామె చూపు బిడ్డ గుంటపడ్డ మాడు మీద పడి, అక్కడే ఆగి, చేతులు సడలాయి. కనకవల్లి బిడ్డను తీసుకుని అక్కడే నేల మీద కూర్చుని రవిక విప్పింది.

చెల్లమ్మ మెట్ల దగ్గరికి వచ్చింది. వెనకనుంచి కనకవల్లి మాట వినపడింది.

"పొద్దు గుంకితే నువ్వు నీ బిడ్డ దగ్గరికి పోతావని, దినమూ నిన్ను చూసి కుళ్ళుకున్నాను చెల్లమ్మా. నా మీద నాకే అసయ్యం పుట్టేదాకా. అవన్నీ ఎట్ట చెప్పినావు? మేకపిల్ల, మోకాలు... ఎట్ట చెప్పినావు?"

చెల్లమ్మ మెట్లు దిగింది.

ఆ సాయంత్రం మారిముత్తుకు ఉట్టి మీది చెంబు సంగతితో సహా చెప్పింది. అతను లేచి, ఉయ్యాల చీర ముడి విప్పాడు. ఈసారి ఆమె ఆపలేదు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని మడిచారు.

ఆరోగ్యమేరి మాత్రం ఊరుకోలేదు. కొళాయి దగ్గర అందరూ పోయిందాకా ఆగి, దులిపేసింది. "నా కాయితం నిజం, నన్ను తోలేసినారు. నీ అబద్ధానికి చేట పట్టినారు. నాతో ఒక మాట చెప్పుంటే, ఆ ఇంటికి నీళ్ళ సంగతి మొదటి దినమే చెప్పమని చెప్పుందునే." తిట్టి తిట్టి, చెల్లమ్మ తల ఎత్తకపోయేసరికి, ఆమె బిందె కూడా తానే ఎత్తి చంకన పెట్టింది.

ఆ బిడ్డ ఉందో పోయిందో తెలియదు. ఆ ఇంటికి పోవడానికి మొహం చెల్లదు. చెల్లమ్మ అన్నం ముందు కూర్చునేది, లేచేది. ఆఖరికి ఆగలేక, పచ్చ గౌను ఒక గుడ్డలో చుట్టుకుని జార్జి టౌన్ పోయింది. గౌను తిరిగిచ్చేయాలన్నది సాకు. అది తీసుకోవడానికి తనకు హక్కు లేదన్నదీ నిజమే.

సందు మొగలో ఆగి, తోపుడుబండి చాటునుంచి తలెత్తి చూసింది. ముందు చూసింది మిద్దె మీది దండెం. బోసిగా ఉంటే అక్కడినుంచే వెనక్కి తిరుగుదామనుకుంది. దండెం నిండా చిన్న చిన్న పొత్తిగుడ్డలు, నీళ్ళోడుతూ, గాలికి కొట్టుకుంటున్నాయి. చెల్లమ్మ బండి చక్రం పట్టుకుని నిలబడింది. బండివాడు జరగమని కసిరితే గాని కదల్లేదు.

పోయి అరుగు మీద గుడ్డమూట పెట్టి తిరగబోతుండగా పైన కిటికీ దగ్గర అలికిడైంది. కనకవల్లి. చంకన కుప్పు. బిడ్డ చిక్కింది గానీ కళ్ళు తేటగా ఉన్నాయి. తల తడిగా ఉంది, సాంబ్రాణి పొగ ఇంకా వదలనట్టుంది. కనకవల్లి కొంగు, రవిక చేతులు తడిసి ఉన్నాయి. నీళ్ళు పోసింది ఎవరో చెల్లమ్మకు వేరే చెప్పనక్కర్లేదు.

కనకవల్లి నవ్వలేదు. పైకి రమ్మనలేదు. బిడ్డను కొంచెం ఇవతలికి తిప్పి పట్టుకుంది, అంతే. అరుగు మీద మూట చూసింది.

"అది రంజితానికిచ్చింది," అంది. "ఎనక్కి తీసుకోను. ఎత్తుకుని పో."

కిటికీ రెక్క మూసుకుంది. చెల్లమ్మ మూటను ఎత్తుకుంది. చంకకే ఎత్తుకుంది. తొండియార్‌పేట దాకా దించలేదు.

కుప్పును మళ్ళీ తవుడుకు అమ్మారని, ఈసారి అయిదుగురు పిల్లల పాలామె కొన్నదని, కానీ కొన్న రోజు తరవాత ఆమె చెయ్యి బిడ్డ మీద పడనేలేదని, నీళ్ళుపోసేది కన్నతల్లేనని తరవాత తెలిసింది. గోవిందమ్మ అదేమీ చూడనట్టు జపమాల తిప్పుకుంటూ కూర్చునేదట.

చెల్లమ్మకు మళ్ళీ కడుపు పండలేదు. ఆరోగ్యమేరి చెప్పిన ఇళ్ళకు, ఆమె నేర్పిన పద్ధతిలో, ఆయాగా పోతూ వచ్చింది. ఏ ఇంట్లోనైనా మొదట అడిగే మాట అదే కదా, నీకెంతమంది అని. అడగని ఇంట్లో కూడా తానే చెప్పేది. ఒక కూతురు ఉండేదమ్మా, రంజితమని, కడుపు పోతుంటే నీళ్ళు పట్టకూడదని నమ్మి నేనే పోగొట్టుకున్నాను, ఇది విన్నాక పెట్టుకునేట్టైతే పెట్టుకోండి, అని. కొన్ని ఇళ్ళలో మాట పూర్తికాకముందే తలుపేసేవాళ్ళు. కొన్ని ఇళ్ళలో ఎవరో ఒక పసిబిడ్డ తల్లి మాత్రం, తలుపు సగం మూసినదల్లా ఆగి, ఆ జబ్బులో మాడు ఎట్లా ఉంటుందో ఇంకోసారి చెప్పమనేది.

చెప్పేది. ఎన్ని ఇళ్ళలో చెప్పినా, ఎన్నేళ్ళు చెప్పినా, ఉట్టి మీది చెంబు దగ్గరికి వచ్చేసరికి ఆమె తల కిందికే ఉండేది.